తొమ్మిది మార్కుల వ్యాసం

ఆ కాగితాన్ని బోర్డుకు గుచ్చింది నేనే. నాలుగు మూలలా నాలుగు గుండుసూదులు పెట్టి, పైన ఎర్రసిరాతో "చాలా బాగుంది" అని రాసి, ఒక అడుగు వెనక్కి వేసి, వంకరగా ఉందేమో చూసుకుని మరీ గుచ్చాను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఇకమీదట చాలామందిని తిడతాను. వాళ్ళందరూ తిట్టించుకోవలసినవాళ్ళే. కానీ వరసలో మొదట నిలబడాల్సింది నేను.

ఇరవై ఆరేళ్ళు బడిలో ఇంగ్లీషు చెప్పాను. పిల్లలు నాకు పెట్టిన పేరు మిరపకాయ. నా వెనకాల అనుకునేవారు, నాకు వినపడేది, నిజం చెప్పాలంటే నచ్చేది కూడా. యాజమాన్యంతో గొడవపడి ఉద్యోగం మానేసిన మూడో నెలలో ఒక విదేశీ సహాయ సంస్థ ప్రకటన చూశాను. యుద్ధం నడుస్తున్న దేశంలో పెద్దవాళ్ళకు ఇంగ్లీషు చెప్పాలి. తిండీ గదీ వాళ్ళవే. వాళ్ళ సొంత దేశం టీచర్లను పంపడం కంటే మనవాళ్ళను పంపితే చవక, పైగా మనవాళ్ళు నోరెత్తకుండా సర్దుకుపోతారు అన్నది వాళ్ళ ఆలోచన అని తర్వాత తెలిసింది. నోరెత్తకపోవడం సంగతిలో మాత్రం నన్ను చూసి మోసపోయారు. బయల్దేరే ముందు మా అక్క "కోరి కొరివితో తల గోక్కుంటున్నావే" అంది. "ఇంట్లో కూచుని గోళ్ళు గిల్లుకోవడం కంటే నయమే" అన్నాను.

మా బడి నడిచే భవనం ఒకప్పుడు ఫర్నిచర్ దుకాణం. కింద టీకాల గది, మందుల స్టోరు. పైన రెండు క్లాసులు, వాటి మధ్య పొడుగాటి కారిడారు, ఆ చివర మేనేజరు గది. పేలుళ్ళకు అద్దాలు పగిలినా ముక్కలు ఎగరకుండా కిటికీలన్నిటికీ అడ్డదిడ్డంగా టేపు అంటించి ఉండేది. వీధి మొదట్లో ఇసుకబస్తాల వెనక సైనికుల చెక్‌పోస్టు. వాళ్ళ దగ్గర నీళ్ళు రాక, రోజుకు రెండుసార్లు ప్లాస్టిక్ డబ్బాలు పట్టుకుని మా మెట్లెక్కి, కారిడార్లో ఉన్న కుళాయి దగ్గర నింపుకుని పోయేవారు. డబ్బా నిండేదాకా గోడల వంక చూస్తూ నిలబడేవారు. నేను "గుడ్ మార్నింగ్" అనేదాన్ని. ఒకడు నా గొంతు అనుకరించి నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

క్లాసులో పదకొండు మంది. అందరూ పెద్దవాళ్ళే. ఊళ్ళో నెలనెలా జీతమిచ్చే పనులంటే సహాయ సంస్థల్లోనే మిగిలాయి. వాటిలో చేరాలంటే ఇంగ్లీషు పరీక్ష పాసవ్వాలి. ఆ పరీక్షకు కూర్చోవాలంటే నా సంతకం పెట్టిన కాగితం ఉండాలి. మా ఊళ్ళో నా మొత్తం సర్వీసుకు లేని విలువ అక్కడ నా ఒక్క సంతకానికి వచ్చింది. అది కొంచెం తలకెక్కిందని కూడా ఒప్పుకుంటున్నాను.

మేం మాట్లాడుకున్నదంతా ఇంగ్లీషులోనే, వాళ్ళది వచ్చీరాని ఇంగ్లీషు. నాకు మాత్రం అది తెలుగులోనే గుర్తుంది, అలాగే రాస్తున్నాను.

మొదటి వారం ఏ వ్యాసం రాయించాలో నేను ఆలోచించను. "నా కుటుంబం." ఇరవై ఆరేళ్ళుగా బడి తెరవగానే అదే. ఎంతమంది, ఎవరెవరు, ఎక్కడుంటారు, ఏం చేస్తారు. రాసేవాడికి తెలియని సంగతి అందులో ఒక్కటీ ఉండదు కాబట్టి బుర్రంతా భాష మీద పెడతాడు. బోర్డు మీద రాసి వెనక్కి తిరిగితే ఒక్క పెన్నూ కదల్లేదు. పదకొండు మందీ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా జాగ్రత్తగా కూర్చున్నారు. పెద్దవాళ్ళు కదా, బద్ధకం అనుకున్నాను.

మొదట కాగితం ఇచ్చింది ఒకప్పటి బ్యాంకు గుమాస్తా. "నాకు కుటుంబం ఉంది. వారు బాగున్నారు. కృతజ్ఞతలు." అంతే.

"ఇది వ్యాసమా, టెలిగ్రామా?" అన్నాను.

క్లాసంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. ఆ రోజు నుంచి ఆయన పేరు టెలిగ్రామ్ అయిపోయింది. నాలుగు మార్కులు వేశాను. తర్వాత కరెంటాయన. యాభై దాటిన ఎలక్ట్రీషియన్, వేళ్ళ కణుపుల మీద పాత కాలిన మచ్చలు. తన కుక్క గురించి పేజీ నిండా రాశాడు.

"కుక్క కుటుంబం ఎలా అవుతుందండీ?"

"ప్రస్తుతానికి అదే టీచర్" అన్నాడు.

అది వెటకారం అనుకుని ఐదు మార్కులతో సరిపెట్టాను. ఆ మాట వినగానే నోరు మూసుకుని "నా కుటుంబం" అన్న అక్షరాలు తుడిచేసి, వాతావరణం మీద రాయండర్రా అని ఉంటే నేను మనిషిని. తుడవలేదు. నేను మిరపకాయని కదా.

కుట్టుపిల్లది మూడో కాగితం. ఇరవై నాలుగేళ్ళుంటాయి. రెండు వీధుల అవతల దర్జీ దుకాణంలో పని చేసేది. క్లాసులో అందరికంటే చురుకు. రెండే ముక్కలు రాసింది. "ఇంట్లో అమ్మ, నేను ఉంటాం."

"నాన్న?"

"లేరు టీచర్."

"అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు?"

బల్ల వంక చూస్తూ చెప్పింది. "అన్న ఒకడు."

"మరి రాయవేం? ఏం చేస్తాడు, ఎక్కడుంటాడు, ఎలాంటివాడు? వివరాలు కావాలమ్మా, వివరాలు. వివరం లేని వ్యాసం ఉప్పులేని పప్పు."

మర్నాడు నాలుగు ముక్కలు తెచ్చింది. అన్న మంచివాడు, లెక్కలు బాగా వచ్చు. తిప్పి పంపాను. మూడోరోజు ఆరు ముక్కలు. మళ్ళీ తిప్పి పంపుతూ, "నీ ఇంగ్లీషుకు ఇది సిగ్గు. ఇలాగైతే నేను సంతకం పెట్టలేను సుమా" అన్నాను. సరదాకే అన్నాను. మా ఊరి బడిలో అయితే "చర్మం ఒలిచేస్తా" అని సరదాగా అనేదాన్ని, పిల్లలు కిసుక్కున నవ్వేవారు. ఈ పిల్ల నవ్వలేదు. తల ఊపి వెళ్ళిపోయింది.

శుక్రవారం రెండు పేజీల వ్యాసం ఇచ్చింది. చదువుతుంటే నా ఒళ్ళు పులకరించింది. ఇన్నేళ్ళలో అంత మంచి వ్యాసం నా చేతికి రాలేదు. అన్న బడిలో లెక్కల మాస్టారట. ఇప్పుడు ఐస్ ఫ్యాక్టరీ వెనక వాళ్ళ పిన్ని ఇంట్లో, పై గదిలో ఉంటున్నాడట. పగలు కిటికీ తియ్యడట. బయటికి రాడట. పిన్ని పిల్లలిద్దరికీ మంచం పట్టె మీద సుద్దతో లెక్కలు చెబుతాడట. నడిస్తే కింద వినపడుతుందని మేజోళ్ళు వేసుకుని తిరుగుతాడట.

ఆ ఊళ్ళో పద్దెనిమిది నిండి నలభై దాటని మగవాడు ఏ పక్షానికి దొరికితే ఆ పక్షం పట్టుకుపోయి తుపాకీ చేతికిస్తుంది. వద్దన్నవాళ్ళు తిరిగి కనబడరు. ఈ సంగతి నాకు తెలియదా? తెలుసు. రాకముందే చదివాను. అయినా ఆ మేజోళ్ళ ముక్క దగ్గర ఆగి, "ఆహా, ఎంత చక్కటి వివరం!" అనుకున్నాను. పక్కన ఎర్రసిరాతో చిన్న నక్షత్రం వేశాను. పదికి తొమ్మిది మార్కులు. పదికి పది ఎవరికీ వెయ్యను, అది నా నియమం. నా నియమాలకు నిప్పెట్ట.

సోమవారం పొద్దున కారిడార్లో బోర్డుకు గుచ్చాను. మా ఊరి బడిలో బోర్డుకెక్కిన వ్యాసం రాసిన పిల్ల సాయంత్రం వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించేది. కుట్టుపిల్ల మెట్లెక్కి వచ్చి, చూసి, అక్కడే నిలబడిపోయింది.

"బోర్డు మీదా టీచర్?"

"మరి? సిగ్గుపడతావెందుకు? అందరూ చూసి నేర్చుకుంటారు."

ఏదో అనబోయింది. అప్పుడే మేనేజరు తన గదిలోంచి వచ్చాడు. ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి. నేను అతనికి నవ్వులాయన అని పేరు పెట్టుకున్నాను. వ్యాసం పైకీ కిందికీ చదివి, "అద్భుతం! కదిలించేసింది!" అని, ఫోను తీసి రెండు ఫొటోలు కొట్టాడు. ఒకటి బోర్డుది, ఒకటి బోర్డు పక్కన నిలబెట్టి ఆ పిల్లది. గురువారం దాతలు వస్తున్నారట, వాళ్ళకు ఇలాంటివే కావాలట. పిల్ల ఫొటోకు నిలబడింది. నిలబడక ఏం చేస్తుంది? ఒక పక్క సంతకం పెట్టేదాన్ని నేను, ఇంకో పక్క సంస్థను నడిపేవాడు.

బుధవారం క్లాసయ్యాక కరెంటాయన కదల్లేదు. అందరూ వెళ్ళాక తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

"ఆ కాగితం తీసెయ్యండి టీచర్."

నా బుద్ధి చూడండి. "ఏం, మీకు ఐదు మార్కులు వచ్చాయనా?" అన్నాను.

ఆయన కోపం తెచ్చుకోలేదు. తెచ్చుకుని ఉంటే బాగుండేది. "ఆ కారిడార్లో నీళ్ళకు ఎవరు వస్తారు టీచర్?" అని అడిగాడు. చిన్నపిల్లకు ఎక్కం అప్పజెప్పించినట్టు మెల్లగా అడిగాడు.

అప్పుడు నాకు తెలిసింది. కారిడార్లోకి పరుగెత్తి కాగితాన్ని పీకేశాను. గుండుసూదులు తీసే ఓపిక లేక లాగేస్తే నాలుగు మూలలూ బోర్డుకే ఉండిపోయాయి.

"ఇక్కడ ఎవరూ ఎవర్నీ ఇంటి సంగతులు అడగరు. పక్కింటివాళ్ళం కూడా ఒకర్నొకరు అడగం" అన్నాడు వెనకే వచ్చిన కరెంటాయన. "టెలిగ్రామ్‌కు ముగ్గురు కొడుకులు. అందుకే టెలిగ్రామ్ రాశాడు."

"మరి మీరందరూ నాకు ముందే చెప్పొచ్చుగా! ఆ పిల్లయినా చెప్పొచ్చుగా!"

"మీరంటే భయం టీచర్. మీ సంతకం కావాలి మాకు." తలుపు తీస్తూ ఆగాడు. "ఇంగ్లీషులో రాస్తే ఎవరికీ చెప్పినట్టు కాదులే అనుకుందట. నాతో అంది."

ఇరవై ఆరేళ్ళలో నన్ను చూసి పిల్లలు భయపడ్డారంటే అది బడి భయం, గంట కొట్టగానే పోయేది. ఇక్కడ నేను అడిగినవి మూడు ప్రశ్నలు, ఇంట్లో ఎవరున్నారు, ఏం చేస్తారు, ఎక్కడుంటారు. ఆ మూడే చెక్‌పోస్టు వాళ్ళూ అడుగుతారు. వాళ్ళకు తుపాకీ ఉంది, నాకు సంతకం ఉంది. ఆ పిల్ల మూడుసార్లు తప్పించుకుంది. నాలుగోసారి నేనే గోడకు అదిమిపెట్టి కక్కించాను.

కిందికి దిగి స్టోరులోకి వెళ్ళాను. అక్కడ స్టోరుకీపరు మన తెలుగాయనే, అరవైకి దగ్గర పడ్డాడు, ఇలాంటి దేశాలు ఇది నాలుగోది ఆయనకు. నేను బాబాయిగారూ అంటాను. నా మొహం చూసి మందుల పెట్టె లెక్క ఆపి స్టూలు జరిపాడు. అంతా చెప్పాను.

"బోర్డు మీది తీశావు సరే. మరి ఫోన్లోదో?" అన్నాడు.

"ఫోన్లోది ఏమిటి?"

తన ఫోను తీసి చూపించాడు. సంస్థ పేజీ. ముందు ఆ పిల్ల నవ్వలేక నవ్విన మొహం. వేలితో పక్కకు జరిపితే వ్యాసం, అక్షరం అక్షరం, ఐస్ ఫ్యాక్టరీ, పై గది, మేజోళ్ళు, నా నక్షత్రం. సోమవారం నుంచీ ఉంది.

"అమ్మా, ఇలాంటి చోట నేను మనిషిని చూస్తే భోంచేశావా అని కూడా అడగను. ఎవరు వండారు, ఎంతమందికి వండారు అని లెక్క వస్తుంది. నీకు వచ్చిన రోజే చెప్పాల్సింది. తెలిసే ఉంటుంది అనుకున్నాను" అన్నాడు.

వచ్చిన రోజు నాకు శిక్షణ ఇచ్చారు. ఏ నీళ్ళు తాగాలి, సైరన్ మోగితే ఏ మెట్ల కింద దూరాలి, ఏ రంగు బట్టలు వేసుకోకూడదు, అన్నీ చెప్పారు. చివర నవ్వులాయన తెర మీద ఒక వాక్యం చూపించాడు. "వారి కథలు అడగండి." ఆ వాక్యం రాసినవాడు ఎక్కడున్నా సరే, వాడి నోట మట్టి పడ.

మెట్లు రెండేసి ఎక్కి మేనేజరు గదిలోకి వెళ్ళాను. తలుపు కొట్టలేదు.

"ఆ ఫొటోలు తీసెయ్యండి. ఇప్పుడే."

"కూర్చోండి. మంచినీళ్ళు?"

"తీసెయ్యండి అంటున్నాను."

విషయం విన్నాడు. నవ్వు తగ్గలేదు, కొంచెం పక్కకు ఒరిగింది అంతే. "మీ ఆందోళన నాకు అర్థమైంది. అయితే తొలగింపుకు ఒక ఫారం ఉంది. ప్రధాన కార్యాలయం ఆమోదించాలి. మూడు పనిదినాలు పడుతుంది. పైగా ఈ నెల అన్నిటికంటే ఎక్కువమంది చూసింది అదే. రేపు దాతలు వస్తున్నారు."

"మనిషి ప్రాణం అండీ!"

"ఆమె ఇష్టపడే రాసింది కదా? బోర్డు మీద పెట్టింది మీరే కదా?"

అది నిజమే కాబట్టి నాకు ఇంకా మండింది. "అవును, నేనే పెట్టాను. నేను గాడిదని. నాకు తెలియక పెట్టాను. మీకు తెలిసింది ఇప్పుడు. తెలిశాక కూడా ఉంచితే మిమ్మల్ని ఏమనాలో నాకు ఇంగ్లీషులో మాట లేదు" అని, మిగతాది తెలుగులో తిట్టాను. ఆ కారిడార్లో అంత చక్కటి తెలుగు అంతకుముందు ఎవరూ విని ఉండరు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "రేపు దాతలు వచ్చేదాకా ఇక్కడే కూర్చుంటాను. వాళ్ళకు ఇదంతా నేనే వివరంగా చెబుతాను. వివరాలు చెప్పడంలో నాకు మంచి అలవాటుంది."

నవ్వు ఆరిపోయింది. ఫోను తీశాడు. రెండు ఫొటోలూ పోవడానికి పదిహేను సెకన్లు పట్టింది. మూడు పనిదినాలట! ముదనష్టపు మొహం!

గెలిచాననుకున్నాను. ఆ సాయంత్రమే కుట్టుపిల్ల దుకాణానికి పోయి, అన్నను అక్కణ్ణుంచి తప్పించమని చెప్పాలనుకున్నాను. బయల్దేరితే మా గేటు దగ్గర కాపలా మనిషి ఆపేశాడు. రేపు దాతల రాక, రక్షణ కారణాల వల్ల సిబ్బంది ఎవరూ బయటికి వెళ్ళకూడదని మేనేజరు ఉత్తర్వు. గేటు పట్టుకుని గొంతు పోయేలా అరిచాను. గోడతో చెప్పుకున్నట్టే అయింది. కరెంటాయన ఫోనుకు పది సార్లు చేశాను. ఆ సాయంత్రం ఫోను టవరు పని చెయ్యలేదు.

గురువారం పొద్దున ఏడింటికి సైనికులు ఐస్ ఫ్యాక్టరీ వెనక ఇంటికి వెళ్ళారు. తొమ్మిదింటికి క్లాసులో కరెంటాయన నాకు చెప్పాడు. కుట్టుపిల్ల రాలేదు. పది మందీ తల దించుకుని కూర్చున్నారు.

"సరాసరి పై గదికే ఎక్కారట. ఎవరూ దొరకలేదు. మంచం మీద పిన్ని పిల్లలు నిద్రపోతున్నారు."

ఎవరూ దొరకలేదన్న మాట వినగానే బతికాం రా దేవుడా అని పైకే అన్నాను. ఆ పిల్ల బోర్డు చూసిన సాయంత్రమే జాగ్రత్త పడి ఉంటుంది. నన్ను అడగలేదు, నాకు చెప్పలేదు. మంచి పని చేసింది.

"ఉత్త చేతులతో పోరు కదా టీచర్" అన్నాడు కరెంటాయన. "ఆ పిల్ల చిన్నాన్నను, పిన్ని భర్తను తీసుకుపోయారు. ఐస్ ఫ్యాక్టరీలో దిమ్మలు కోసే పని ఆయనది. యాభై ఆరేళ్ళు. ఒంటి మీద చొక్కా కూడా వేసుకోనివ్వలేదట."

బోర్డు దగ్గర ఎవరు చదివారో, ఫోన్లో ఎవరు చూశారో, నాకు ఎప్పటికీ తెలియదు. తేలితే ఎవరో ఒకణ్ణి సగం తిట్టుకుని బతికేదాన్ని. ఆ అదృష్టం కూడా లేదు.

పదకొండింటికి దాతలు వచ్చారు. టీ తాగారు. కారిడార్లో ఖాళీ బోర్డు ముందు ఫొటో దిగారు. నేను చెబుతానని బెదిరించాను కదా, చెప్పానా? చెప్పలేదు. చెప్పడమంటే ఆ ఇంటి సంగతి ఇంకో ఆరుగురి చెవిన వెయ్యడం. నోట్లో గుడ్డ కుక్కుకున్నట్టు గోడ వారగా నిలబడ్డాను. నా జీవితంలో నోరు మూసుకుని చేసిన మొదటి మంచి పని అదేనేమో, అదీ ఒక రోజు ఆలస్యంగా.

శుక్రవారం నవ్వులాయన నన్ను పిలిచి ఒక కాగితం ముందుకు తోశాడు. సంఘటన నివేదికట. విద్యార్థిని స్వచ్ఛందంగా వ్యాసాన్ని ప్రదర్శనకు ఇచ్చిందనీ, సంస్థ సమాచారం అందిన వెంటనే చర్య తీసుకుందనీ అందులో ఉంది. కింద నా సంతకానికి ఖాళీ.

"స్వచ్ఛందం అంటే ఏమిటో తెలుసా మీకు?" అన్నాను.

"ఇది మిమ్మల్ని కాపాడటానికే."

"నన్ను ఎవరు పట్టుకుపోతున్నారండీ కాపాడటానికి?"

కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి అతని టీ కప్పులో వేశాను. నా గదికి వెళ్ళి రాజీనామా రాశాను. ఒక్క తప్పు లేకుండా, ప్రతి పేరాలోనూ ఒక చెంపదెబ్బతో, రెండు పేజీలు. రాస్తుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను. వాళ్ళ మొహాన కొట్టి, విమానమెక్కి, మా అక్క దగ్గర కూర్చుని ఏడవాలనుకున్నాను.

శనివారానికి గాని సిబ్బందికి గేటు తెరవలేదు. ఆ ఉత్తరం చేతిసంచిలో పెట్టుకుని దర్జీ దుకాణానికి వెళ్ళాను. సగం కొట్లు మూసి ఉన్న వీధి. దుకాణం గదిలో రెండు కుట్టుమిషన్లు, ఒకటి గుడ్డ కప్పి ఉంది. కరెంటు లేదు, బొగ్గుల ఇస్త్రీపెట్టెతో కుట్టుపిల్ల బడిపిల్లల చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. నన్ను చూసింది, మళ్ళీ చొక్కా వైపు తిరిగింది. కుర్చీ ఉంది. కూర్చోమనలేదు.

"చిన్నాన్న సంగతి ఏమైనా తెలిసిందా?"

"లేదు."

"తప్పు నాదమ్మా."

"అవును టీచర్."

మన దగ్గర తప్పు నాది అంటే అవతలివాళ్ళు అయ్యో అదేం మాట అంటారు. నేను లోపల ఎక్కడో దాని కోసమే వచ్చానని ఆ "అవును" వినగానే తెలిసింది. అయినా నా నోరు ఊరుకుంటుందా? "మరి మీ అన్న? క్షేమంగానే ఉన్నాడా? ఎక్కడైనా మంచి చోట..."

ఇస్త్రీపెట్టెను పక్కన నిలబెట్టింది. నా కళ్ళలోకి సూటిగా చూసి, నేను నేర్పిన ఇంగ్లీషులో, ఒక్కో మాటా స్పష్టంగా అంది.

"నాకు అన్న లేడు టీచర్."

గదిలో మేమిద్దరమే ఉన్నాం. గుమ్మంలో కూడా ఎవరూ లేరు. చెక్‌పోస్టులో చెప్పే జవాబే నాకూ చెప్పింది. చెప్పదా మరి? వాళ్ళూ నేనూ అడిగింది ఒకే ప్రశ్న.

సంచిలోంచి ఉత్తరం తీశాను. "చూడు, నేను ఉద్యోగం మానేస్తున్నాను. ఈ దుర్మార్గుల దగ్గర ఒక్క రోజు కూడా పని చెయ్యను. ఇది వాడి మొహాన కొట్టి వెళ్ళిపోతాను. ఒళ్ళు మండిపోతోంది నాకు."

ఆ పిల్ల ఉత్తరం వంక చూడను కూడా చూడలేదు. అప్పుడు ఆమెకు వచ్చింది కోపం. గొంతు పెంచలేదు. నేను ఇన్నేళ్ళు పడ్డ కోపాలన్నీ దాని ముందు చిటపటలే.

"మీకు కోపమొస్తే విమానం ఉంది టీచర్. మీరు వెళ్ళిపోతే ఇంకో టీచర్ రావడానికి ఎన్నాళ్ళు పడుతుంది? పోయినసారి ఏడు నెలలు పట్టింది. అన్నాళ్ళూ సంతకం ఎవరు పెడతారు? పిన్ని ఇంట్లో ఇప్పుడు సంపాదించేవాళ్ళు లేరు. ఇద్దరు పిల్లలు, పిన్ని, మా అమ్మ. నేనొక్కదాన్నే. మీ కోపం నాకెందుకు టీచర్? దాంతో ఏం కొనుక్కోను?"

ఉత్తరం మళ్ళీ సంచిలో పెట్టుకున్నాను.

"నేను మిమ్మల్ని క్షమించలేదు. అమ్మ అయితే మీ పేరెత్తితే శాపనార్థాలు పెడుతోంది. కానీ పరీక్ష పదహారో తారీకు. సోమవారం తొమ్మిదింటికి నేను క్లాసుకు వస్తాను. మీరు ఉండాలి."

ఇస్త్రీపెట్టె తీసుకుని కాలరు మీద ఆనించింది. ఇక నేను వెళ్ళొచ్చని అర్థం.

వెళ్ళాను. ఉత్తరాన్ని దారిలోనే చింపి కాలవలో పారేశాను. సోమవారం తొమ్మిదింటికి ఆమె వచ్చి చివరి బెంచీలో కూర్చుంది. నేను పాఠం చెప్పాను. దరఖాస్తులు నింపడం, ఫోన్లో మాట్లాడటం, మందుల పట్టీ చదవడం. ఎవర్నీ ఇంటి గురించి ఒక్క ముక్క అడగలేదు. అడిగిన ప్రతిదానికీ ఆమె అందరికంటే ముందు జవాబు చెప్పేది. పాఠం అవతల ఒక్క మాట లేదు.

పదిహేనో తారీకున పదకొండు కాగితాల మీదా సంతకం పెట్టాను. ఒక్కొక్కరూ వచ్చి తీసుకున్నారు. ఆమె తన కాగితం తీసుకుని, పేరు సరిగ్గా ఉందో లేదో చూసుకుని, "థాంక్యూ టీచర్" అని మెట్లు దిగింది. చిన్నాన్న వచ్చాడా అన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. పళ్ళ బిగువున ఆపుకున్నాను.

ఆయన తిరిగొచ్చాడో లేదో ఈ రోజుకీ నాకు తెలియదు, అడిగే హక్కు నాకు లేదు.